అన్నకు వినబడే స్టేషన్లు

ఆ రేడియో కోదాడ నుంచి బస్సులో నా ఒళ్ళో కూర్చుని సూర్యాపేటకు వచ్చింది. పాత ట్రాన్సిస్టరు సెట్టు, చిన్న సూట్‌కేసంత ఉంటుంది. ముందు పొడవాటి గాజు డయలు, పక్కన బ్యాండు మార్చేదొకటి, స్టేషన్లు వెతికేదొకటి రెండు గుండ్రటి మీటలు, వెనక పెద్ద సెల్లులు వేసే గూడు. కండక్టరు దానికి లగేజీ టికెట్టు కొట్టాలా వద్దా అని కాసేపు ఆలోచించి, చివరికి "గిది ఇంకా పలుకుతదా సార్?" అని మాత్రం అడిగాడు.

"ఎందుకు పలుకదు!" అన్నాను. అంత గట్టిగా అన్నందుకు తర్వాత చాలా రోజులు నన్ను నేనే తిట్టుకున్నాను.

దాన్ని ఇచ్చింది మా అన్న. సొంత అన్న కాదు, కాలువల శాఖలో నాకంటే కొన్నేళ్ళు ముందు చేరిన మనిషి. ఇద్దరం వర్క్ ఇన్‌స్పెక్టర్లుగా మిర్యాలగూడ అవతల, ఎడమ కాలువ గట్టు మీది క్యాంపు క్వార్టర్లలో పక్కపక్క గదుల్లో ఉన్నాం. అక్కడ కరెంటు ఉన్నా లేనట్టే. డ్యూటీ దిగాక చేయడానికి పనేమీ ఉండేది కాదు. సాయంత్రం కాగానే అన్న ఈ సెట్టును బయట అరుగు మీద పెట్టి, తుమ్మచెట్టు మీదికి రాగి తీగ విసిరేవాడు. ఇక నిద్ర వచ్చేదాకా షార్ట్‌వేవ్‌లో దేశదేశాలు తిప్పేవాళ్ళం. వచ్చేవాటిలో మాకు అర్థమయ్యేవి తక్కువ. భాష తెలియకపోయినా గొంతును బట్టి, మధ్యలో వేసే సంగీతాన్ని బట్టి అది ఏ దేశమో చెప్పాలని పందెం వేసుకునేవాళ్ళం. ఎప్పుడూ అన్నే గెలిచేవాడు. గెలిచాక ఊరుకునేవాడు కాదు, ఎలా గెలిచాడో కూడా చెప్పేవాడు. అది నాకు అప్పుడే చిరాకు.

తర్వాత బదిలీలు, పెళ్ళిళ్ళు, పిల్లలు. నేను సూర్యాపేటలో ఇల్లు కట్టుకుని రిటైరయ్యాను. అన్న కోదాడలో కొడుకు పెయింట్ల దుకాణం పైన ఉంటున్నాడు. వదిన పోయిన తర్వాత మేము మాట్లాడుకోవడం పండక్కీ పబ్బానికీ అన్నట్టు తగ్గిపోయింది. అలాంటిది ఒకరోజు ఆయనే ఫోన్ చేశాడు.

"తమ్ముడూ, మన రేడియో నువ్వు పట్టుకుపో. ఇక్కడ అలమర మీద దుమ్ము కొట్టుకుపోతోంది. నేను చిన్నది కొత్తది ఒకటి చూసుకున్నాలే. సాయంత్రం ఇద్దరం ఒకే టైముకు పెట్టుకుందాం, ఎవరికేం వచ్చిందో ఫోన్లో చెప్పుకుందాం."

నాకు సంబరమనిపించింది. మరునాడే వెళ్ళి తెచ్చుకున్నాను. ఆ కొత్త చిన్నది చూపించమంటే "లోపల ఎక్కడో ఉందిలే" అన్నాడు. నేను మళ్ళీ అడగలేదు.

ఆ సాయంత్రం హాల్లో బల్ల మీద పెట్టి స్విచ్చి వేశాను. డయలు వెనక దీపం వెలిగింది. నాకు లోలోపల గర్వంగానే ఉంది. ముప్పై ఒక్క మీటర్ల బ్యాండులో పెట్టి స్టేషన్ల మీట తిప్పాను. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే గుయ్యిమనే మోత. ఇరవై ఐదు మీటర్లలో పిండిమర. నలభై ఒకటిలో ఎవరో రేకుల మీద కంకర ఒంపుతున్నారు. ఆ మోత అడుగున ఎక్కడో ఒక గొంతు ఉన్నట్టుంది. అది మనిషిదో, వీణదో చెప్పలేను.

"ఏందది, మిక్సీ ఖరాబైందా?" అని లోపలి నుంచి మా ఆవిడ అడిగింది.

అంతలో ఫోను మోగింది. అన్న.

"ఏం తమ్ముడూ, ఏమేం వచ్చాయి?"

"ఏం రాలే అన్నా. అంత గుయ్యిమంటున్నది."

"అదేంటి! నాకైతే పక్కన కూర్చుని మాట్లాడినట్టు వస్తున్నాయి. రుమేనియా వాళ్ళ ఇంగ్లీషు వార్తలు ఇప్పుడే అయిపోయాయి. దాని పక్కనే టర్కీ పాటలు. నీకు రాలేదూ?"

ఆ "రాలేదూ" అనడంలోని సాగదీత నాకు బాగా తెలుసు. కాలువ గట్టు మీద పందెం గెలిచినప్పుడల్లా విన్నదే. ఫోను పెట్టేశాక రేడియోను ఇంకో గంట తిప్పాను. టర్కీ సంగతి అలా ఉంచి, పక్క వీధి పాటలు కూడా రాలేదు.

తప్పు సెట్టుదేమో అనుకుని మరునాడు బాగుచేయించడానికి బయల్దేరాను. మా ఊళ్ళో ఒకప్పుడు రేడియోలు బాగుచేసిన దుకాణాలన్నీ ఇప్పుడు సెల్‌ఫోన్లవి. ఒకాయన వెనక మూత విప్పి, లోపలికి లైటు కొట్టి చూసి, "దీంట్ల చిప్పు యాడుంటది సార్?" అని నన్నే అడిగాడు. మూత బిగించుకుని వచ్చేశాను.

ఆలోచిస్తే గుర్తొచ్చింది. కరెంటు మీద కాకుండా సెల్లుల మీద నడిపి, ఇంట్లో మెయిన్ బంద్ చేసి చూస్తే గొడవ ఎక్కడిదో తెలుస్తుంది. కానీ దానికి పెద్ద సెల్లులు కావాలి. సూర్యాపేట బజారంతా తిరిగాను. "గవి ఇప్పుడు ఎవరు కొంటున్నరు సార్, బ్యాటరీ లైట్లు గూడ చార్జింగువే" అన్నారు. ఎవరో చెబితే చివ్వెంల దాకా బస్సెక్కి వెళ్ళి, అక్కడ ఒక కిరాణా దుకాణంలో సబ్బుల డబ్బాల వెనక నుంచి తీయించాను. వాటిలో ఒకటి అప్పటికే చీమిడి కారుతోంది. బతిమాలి మార్పించుకున్నాను. ఒక ప్రభుత్వ ఉద్యోగి తన విశ్రాంత జీవితంలో ఇలాంటి పనులకు ఊళ్ళు తిరుగుతాడని నాకెవరూ చెప్పలేదు.

సెల్లులు వేసి మెయిన్ కిందికి దించాను. మోత సగానికి పడిపోయింది. అంటే సగం దొంగలు నా ఇంట్లోనే ఉన్నారు. ఒక్కో స్విచ్చీ వేస్తూ విన్నాను. హాల్లో ఎల్ఈడీ బల్బు వేస్తే తేనెటీగలు. టీవీ డబ్బా పెడితే టికటిక. ఇంటర్నెట్టు డబ్బాకు ఇంకో రకం రొద. ముందుగదిలో మా ఆవిడ కుట్టుమిషను స్విచ్చి వేసేసరికి రేడియో బల్ల మీద అదిరినంత పని అయింది.

మా ఆవిడ జాకెట్లు కుడుతుంది. ఏదో కాలక్షేపానికి అనుకునేరు. మా బజారులో ఆమెను అడగకుండా పెళ్ళి ముహూర్తాలు పెట్టుకోరు. పాత మిషనుకు ఈ మధ్యే కొత్తరకం మోటారు బిగించుకుంది. అది చప్పుడు చేయదు, తొక్కితేనే తిరుగుతుంది, కరెంటు తక్కువ తింటుంది. ఊరికే స్విచ్చి వేసి ఉంచినా సరే, నా రేడియోలో మాత్రం లారీ లోడుతో ఎత్తు ఎక్కుతున్నట్టు మూలుగుతుంది.

"ఆ మోటరు సాయంత్రం జరసేపు బంద్ పెట్టరాదు?" అన్నాను.

"ఎందుకు?"

"రేడియోల అదే మోగుతున్నది."

"మోగనియ్యి. నాది మోగితె జాకెట్లయితయి. నీది మోగితె ఏమైతది?"

రెండు రోజులు మాటల్లేకుండా తిరిగాక ఆమే దిగివచ్చింది. దీపాలు పెట్టే వేళకు ఒక అరగంట మిషను ఆపి, హుక్సులు, చేతికుట్టు పని పట్టుకుని ముందు మెట్ల మీద కూర్చుంటానంది. నేను ఇంట్లో బల్బులన్నీ ఆర్పి, టీవీ డబ్బా వైరు పీకి, చీకట్లో రేడియో ముందు కూర్చునేవాణ్ణి. జాకెట్లకు వచ్చినవాళ్ళు మెట్ల దగ్గర ఆగి అడిగేవాళ్ళు.

"కరెంటు పోయిందా అక్కా?"

"కరెంటు ఉన్నది. మా ఆయనకే పోయింది."

ఇంత చేసినా వచ్చిందేమిటి? మా ఇంటి మోతలు తగ్గాక పక్కిళ్ళ మోతలు బయటపడ్డాయి. రోజూ మాత్రం అన్న ఫోను వచ్చేది. ఒకరోజు వియత్నాం. ఒకరోజు ఎవరో యూరపులో ఇంటి పెరట్లో నడుపుకునే బుల్లి స్టేషను. "ఎంత చిన్న స్టేషనో తమ్ముడూ, అయినా గలగలమంటోంది. నీ దాంట్లో రాకపోవడమేంటి, అంత పెద్ద సెట్టుకు? ఏరియల్ సరిగ్గా కట్టావా?"

సరే, ఏరియల్ కడదామని డాబా ఎక్కాను. నా మోకాళ్ళకు మా డాబా మెట్లు పడవు. నీళ్ళ ట్యాంకు నుంచి పిట్టగోడ మీద పాతిన వెదురుకర్ర దాకా రాగి తీగ లాగాను. ఎదురింటాయన తన డాబా మీద నుంచి చాలాసేపు చూసి, "ఏంది సార్, మా వైఫై గుంజుతున్నవా?" అని అడిగాడు. నవ్వుతూనే అడిగాడు కానీ, ఆ రాత్రే పాస్‌వర్డు మార్చుకున్నాడని తర్వాత తెలిసింది.

తీగ కట్టిన మరునాడు పొద్దున అది మెట్ల మీద ముద్దగా పడి ఉంది. కోతులు. మా కాలనీలో కోతులు మనుషుల కంటే ముందు లేస్తాయి. మళ్ళీ కట్టాను. ఈసారి ఒక పెద్ద కోతి పట్టపగలే, నేను చూస్తుండగానే, తీగ పట్టుకుని ట్యాంకు మీద నుంచి ఊగింది. కర్ర విరిగింది. అది నా వైపు చూసి పళ్ళు ఇకిలించింది. ఇంకా దళసరి తీగ తెచ్చి ఇనుపగొట్టానికి బిగించాను. ఇప్పుడు రెండు కోతులు ఒకేసారి ఊగడానికి వీలైంది.

"పాపం, గుడికాడ గూడ వాటికి ఇంత మంచి ఉయ్యాల లేదు" అంది మా ఆవిడ బట్టలు ఆరేస్తూ.

వానాకాలంలో ఒక సాయంత్రం గాలిదుమారం లేచి, కాలనీ మొత్తం కరెంటు పోయింది. అందరూ అబ్బా అంటుంటే నేను రేడియో దగ్గరికి పరుగెత్తాను. సెల్లుల మీద స్విచ్చి వేశాను. మోత లేదు! ఎన్నాళ్ళకో ముప్పై ఒక్క మీటర్లు ఖాళీగా, లోతుగా, నూతిలోకి చెవి పెట్టినట్టు ఉన్నాయి. మీట కొంచెం జరపగానే ఒక మగగొంతు, ఏదో భాషలో, స్పష్టంగా, తాపీగా మాట్లాడుతోంది. నేను చెవి స్పీకరుకు ఆనించాను.

ఆ మనిషి వాక్యం పూర్తి చేయలేదు. ఎదురింటి ఇన్వర్టరు అందుకుంది. దాని వెనకే పక్కింటిది, దాని వెనక మేడ మీదిది. కీచుమని ఒకదాన్ని మించి ఒకటి. పైగా ఆకాశంలో మెరుపు మెరిసినప్పుడల్లా స్పీకరులో ఫట్‌మని పేలుడు.

"ఏమయ్యా, ఉరుములల్ల ఆ తీగ పట్టుకోని కూసున్నవా? పీకు ముందు! పీకుతవా లేదా?" అని మా ఆవిడ అరిచింది. ఆమె అన్నది న్యాయమే. పీకేశాను. కరెంటు ఉంటే మోత, కరెంటు పోతే ఇన్వర్టర్లు, కరెంటు పోయేదే పిడుగులు పడేటప్పుడు. ఇక ఈ ఊళ్ళో రేడియో వినడానికి ఎప్పుడు మంచి టైమో నాకు అర్థం కాలేదు.

ఆ రోజు అన్న ఫోన్ చేస్తే ఎత్తలేదు. మరునాడు మధ్యాహ్నం, అన్నం తిని నడుం వాలుద్దామనుకుంటుంటే మళ్ళీ చేశాడు.

"తమ్ముడూ, నలభై తొమ్మిది మీటర్లు పెట్టు, పెట్టు! జర్మనీ చిన్న స్టేషను ఒకటి పాటలు వేస్తోంది. ఎంత బాగుందో!"

నేను ఫోను పట్టుకుని మంచం మీద లేచి కూర్చున్నాను. నలభై తొమ్మిది మీటర్లు ఎండపూట దూరం పోవు. పొద్దు వాలాలి. ఈ ముక్క నాకు నేర్పింది అన్నే. నడినెత్తిన ఎండ మండుతుంటే కోదాడలో జర్మనీ చిన్న స్టేషను రావడమంటే, గోదావరి ఎదురెక్కి మా ఇంటి కుళాయిలో పడటమే.

"ఊఁ, పెడత" అని ఫోను పెట్టేశాను. మరునాడు రేడియోను సంచిలో పెట్టుకుని, చెప్పకుండా కోదాడ బస్సెక్కాను. రెండు సెట్లూ పక్కపక్కన పెట్టి తేల్చుకుందామని.

దుకాణంలో గిరాకీ ఉంది. రంగులు కలిపే మిషను డబ్బాను గిలకొడుతోంది, బోర్డు మీద రంగురంగుల లైట్లు పగలే వెలుగుతున్నాయి. పక్క మెట్లెక్కుతుండగానే పైనుంచి వినబడింది. ఇంగ్లీషులో వార్తలు, ఒక్క పిసరు రొద లేకుండా. అసూయతో సంచి ఇంకో చేతికి మార్చుకున్నాను. తలుపు తీసే ఉంది. అన్న ప్లాస్టిక్ కుర్చీలో, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని కూర్చున్నాడు. ఎదురుగా స్టూలు మీద స్టీలు చెంబు. దానికి ఆనించి సెల్‌ఫోను. దాని తెర మీద నీలం రంగులో పసుపు చారలు వానలా కారుతున్నాయి. వార్తలు ఆ ఫోనులోంచి వస్తున్నాయి.

నన్ను చూసి ఆయన లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు.

"నీ కొత్త రేడియో ఏదన్నా?" అన్నాను.

"ఇదే తమ్ముడూ."

"అది ఫోను."

"ఫోనే అనుకో. కానీ ఇందులో రేడియో ఉంది. నిజం రేడియోనే. ఎవరో పుణ్యాత్ములు సెట్టు పెట్టి, పెద్ద ఏరియల్ కట్టి, ఇంటర్నెట్టుకు కలిపి వదిలారు. మనం ఇక్కడి నుంచి వేలితో తిప్పుకోవచ్చు. ఇదిగో, ఇలా జరిపితే..."

"ఏరియల్ యాడున్నది?"

"హాలండులో."

సంచి కింద పెట్టాను. లేకపోతే పడేసేవాణ్ణేమో.

"అంటే ఇన్ని రోజులు నేను హాలండుతోని పోటీ పడ్డనా? నేను డాబా మీద కోతులతోని కొట్లాడుతుంటె నువ్వు హాలండుల కూసోని నన్ను ఏరియల్ సరిగ కట్టినవా అని అడుగుతున్నవా?"

"గొంతు తగ్గించు తమ్ముడూ, కింద గిరాకీ ఉంది."

"తగ్గియ్య! చీకట్ల కూసున్న. మిషను బంద్ పెట్టించిన. చివ్వెంలకు పోయి సెల్లులు తెచ్చిన. మా ఇంటామె నాకు పిచ్చి లేసిందని బజారంత చెప్పుకుంటున్నది. నువ్వు ఒక్క మాట చెప్తే ఏం పోయె?"

ఆయన లేచి, నా సంచిలోంచి రేడియో తీసి స్టూలు మీద పెట్టాడు. స్విచ్చి వేశాడు. ఆ మోత ముందు మా ఇంటి మోత జోలపాట. కింద మిషను డబ్బాను గిలకొట్టినప్పుడల్లా డయలు సూది కూడా వణుకుతున్నట్టనిపించింది. కట్టేశాడు.

"ఇక్కడికి వచ్చిన దగ్గర్నుంచీ నేను విన్నది ఇదే" అన్నాడు. "మీ ఊళ్ళోనైనా పలుకుతుందేమో అని నీకిచ్చాను."

"మరి నీకు వస్తున్నదని ఎందుకు చెప్పినవ్?"

"మొదటిరోజు నువ్వు ఏం రాలేదన్నావు. నాకూ రావడం లేదంటే ఏమయ్యేది? పాతబడిపోయింది, రోజులు మారాయి అని రెండు మాటలు అనుకుని పెట్టేసేవాళ్ళం. మళ్ళీ పండక్కే. నాకు వస్తోందంటే నీకు రోషం వస్తుందని తెలుసు. రోజూ నా ఫోను ఎత్తుతావని తెలుసు." కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు. "నువ్వు తిట్టుకుంటుంటే నాకు బాగుంటుంది తమ్ముడూ. ఈ ఇంట్లో నాతో ఎవరూ తగాదా పడరు. అందరూ మర్యాదగా మాట్లాడతారు."

ఇక్కడ నాకు జాలి కలిగిందని రాస్తే బాగుంటుంది. కలగలేదు. ఒళ్ళు మండింది. రోషం వస్తుందని లెక్కవేసి మరీ రప్పించాడు, నేను వచ్చినట్టే వచ్చాను. అదీ మంట. అలిగి లేచి పోదామనుకున్నాను. ఈలోగా కోడలు పైకి వచ్చి, "బాబాయిగారూ, భోంచేసే వెళ్ళాలి" అని కంచం పెట్టేసింది. దోసకాయ పప్పు. మజ్జిగ పోసుకునేటప్పుడు నేనే అన్నాను.

"వచ్చే ఆదివారం మిర్యాలగూడ రా. మా అక్కోళ్ళ ఇంటికి. నిజం రేడియో వినిపిస్త. ఆ ఫోను తేకు."

"ఫోను లేకుండా బస్సెలా ఎక్కను, పిల్లలు కంగారు పడరూ?"

"సరే తే. తీయకు."

ఆదివారం ఇద్దరం మిర్యాలగూడలో దిగాం. మా అక్క ఇల్లు ఊరి చివరన. ఊరి చివరైతే ప్రశాంతంగా ఉంటుందని నేను లెక్కవేసుకున్నాను. ఆ చివరన ఉన్నవన్నీ రైసుమిల్లులన్న సంగతి, ఏటా చూస్తున్నవాణ్ణే, లెక్కలో వేసుకోలేదు. అక్క ఇంట్లో స్విచ్చి వేస్తే స్పీకరులోంచి మిల్లుల మోటార్లన్నీ కలిసి గర్జించాయి. అన్న నా వైపు చూడకుండా కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. నవ్వు ఆపుకుంటున్నాడని వెనక నుంచే తెలుస్తోంది.

మా అక్క మునగాకు తుంచుతూ మమ్మల్నిద్దరినీ చూసింది. "గీ గుయ్యిమనేది ఇనటానికి ఒకడు సూర్యాపేట నుంచి, ఒకడు కోదాడ నుంచి ఒచ్చిండ్రా?"

"మోటర్లు లేని జాగ కావాలక్కా."

"మోటర్లు లేని జాగంటె మా పొలం కాడికి పోండ్రి. కాలువ కింది భూమి. ఆడ బోరు లేదు, కరెంటు లేదు. మీ బావ బతికున్నప్పుడు లైటన్న పెట్టియ్యమంటె పెట్టియ్యలే."

ఎన్ని నెలలుగా ఎందరినో అడిగాను. చివరికి మాకు దొరికిన ఒకే ఒక్క ఉపయోగపడే మాట అది. ఆటో మాట్లాడుకుని పొద్దు వాలుతుండగా పొలం చేరాం. నాట్లు పడ్డాయి, కాలువ నిండుగా పోతోంది. ఒడ్డున వేపచెట్టు ఉంటే తీగకు రాయి కట్టి విసిరాను. అందలేదు. మళ్ళీ విసిరాను. అన్న చేయి చాపాడు, ఇచ్చాను. ఆయన విసిరిన రాయి తిన్నగా పోయి కాలువలో పడింది. అది చూశాక నా మనసు కొంచెం కుదుటపడింది. ఆటో అబ్బాయి వచ్చి, మేము అడగకుండానే కొమ్మకు తగిలించి, మళ్ళీ ఆటో దగ్గరికి పోయాడు.

తువ్వాలు పరిచి, రేడియో మధ్యలో పెట్టుకుని గట్టు మీద కూర్చున్నాం. స్విచ్చి వేశాను. సన్నగా, వాన దూరంగా పడుతున్నట్టు చప్పుడు, అంతే. మీట తిప్పడం మొదలుపెట్టాను. చైనా. చైనా. ఇంకో చైనా. ఎవరో గంభీరంగా ప్రార్థన చదువుతున్నారు. మళ్ళీ చైనా. ఒకచోట మన హిందీ. తర్వాత చాలా దూరం ఏమీ లేదు. ఒకప్పుడు సందు లేకుండా స్టేషన్లు కిక్కిరిసి ఉన్న చోట ఇప్పుడు ఎకరాలకెకరాలు బీడు.

"అన్నీ మూసేశారు తమ్ముడూ" అన్నాడు అన్న.

"మాట్లాడకు."

డయలు చివరి దగ్గర ఒక ఆడగొంతు దొరికింది. సన్నగా ఉంది, అలల మీద ఉన్నట్టు పెరుగుతోంది, తగ్గుతోంది. ఏదో చదువుతోంది. వార్తలో, ధరలో. ప్రతి వాక్యం చివరా ఒకేలా దించుతోంది. నేను మీట మీద నుంచి వేళ్ళు తీసేశాను. ఇద్దరం ముందుకు వంగాం. దోమలు కుడుతున్నా ఎవరమూ కదల్లేదు.

"ఉజ్బెకు" అన్నాడు అన్న.

"కాదు, పర్షియను."

"పర్షియను అలా దించరు. నీకెప్పుడూ ఈ రెండిటి తేడా తెలియదు."

"నీకు తెలుసా? హాలండోళ్ళు చెప్పిండ్రా?"

ఆయన చేయి జేబులోకి పోయింది. ఫోను తీశాడు. నేను చూస్తుండగానే తీశాడు. "ఒక్క నిమిషం, తేల్చేస్తాను, ఏ స్టేషనో ఇందులో..."

"తీయొద్దన్ననా లేదా?" అని నేను అరిచిన అరుపుకు కాలువ అవతల కొంగలు లేచాయి. ఆయన పట్టించుకోకుండా ఫోను ఇటు తిప్పాడు, అటు తిప్పాడు, లేచి నిలబడి నెత్తి మీదికి ఎత్తాడు. అక్కడ సిగ్నలు లేదు. ఈలోగా ఆ ఆడమనిషి చదవడం అయిపోయింది. ఏదో తంబూరా లాంటిది కాసేపు మోగి, స్టేషను కట్టేశారు. ఊరు పేరు చెప్పిందో లేదో, మా అరుపుల్లో వినలేదు.

ఇద్దరం మళ్ళీ కూర్చున్నాం. చాలాసేపు ఆ ఖాళీ చప్పుడే విన్నాం.

"అప్పుడు కూడా ఇంతే కదా తమ్ముడూ?" అన్నాడు. "ఏముండేది వినడానికి? ఎవరో ఉపన్యాసాలు, ట్రాక్టర్లు ఎన్ని తయారు చేశారో లెక్కలు."

"అంతే" అన్నాను. "నువ్వు పర్షియనుకు ఉజ్బెకు అనుడు గూడ అంతే."

ఆటో అబ్బాయి హారను కొట్టాడు. లేచాం.

సెట్టును ప్రతిసారీ బస్సుల్లో మోయలేక అక్క ఇంట్లోనే పెట్టి వచ్చాను. అప్పుడప్పుడు వచ్చి పొలం దగ్గరికి తీసుకుపోవచ్చన్నది ఆలోచన. అది నేను చేసిన ఇంకో తెలివితక్కువ పని. పదిహేను రోజుల్లో అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, మీ డబ్బాల బ్యాండు గటు మారిస్తే పొద్దుగాల పాటలొస్తున్నయిరా, పాడిపంటలొస్తున్నయి. నాకు తోడుగున్నది. ఇగ నేను ఇయ్య." మీడియం వేవు! షార్ట్‌వేవ్ సెట్టు మీద! అది అన్న రేడియో అని చెప్పి చూశాను. "గా అన్ననే అడుగుత" అంది. అడిగింది. ఆయన ఉంచుకోమన్నాడు. నన్ను ఒక్క మాట అడగలేదు.

ఇప్పుడు నా దగ్గర ఏ రేడియో లేదు. మా ఆవిడ సాయంత్రం పూట కూడా మిషను నడుపుకుంటోంది. డాబా మీద తీగ మాత్రం తీయలేదు. తీయబోతే ఎదురింటాయనే వద్దన్నాడు. అది ఉంటే కోతులు ఆయన డాబా మీదికి పోవడం లేదట.

అన్న ఫోన్లు ఆగలేదు. ఇప్పుడు దాపరికం కూడా లేదు. నిన్న సాయంత్రం చేసి, "ఇది ఏ భాషో చెప్పు చూద్దాం" అని, కోడలి ఫోనులో హాలండు పెట్టి దాన్ని తన ఫోనుకు ఆనించాడు.

"నేను చెప్ప. అది రేడియో కాదు" అన్నాను.

"సరే, చెప్పకు" అన్నాడు. కానీ తీయలేదు.

పెట్టేద్దామనుకున్నాను. ఎవరో ముసలాయన మాట్లాడుతున్నాడు. స్టేషను మీద సరిగ్గా పెట్టకుండా పక్కకు జరిపి పెట్టాడు. గొంతు గరగరమంటూ, ముక్కుతో వస్తోంది. ఇన్నేళ్ళ అనుభవం ఉన్న మనిషి అలా పెట్టుకుని ఎలా వింటున్నాడో! ఎంతసేపని ఓర్చుకుంటాను?

"జర ఎడమకు జరుపు అన్నా, చెవులు పోతున్నయి" అన్నాను. "ఇంక. ఇంక జర. ఆఁ, గాడ ఆపు."